చిన్న ఆంప్ ఎక్కడ చేతులెత్తేస్తుంది?

మీ ప్రశ్న ఇది. టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న స్టీరియో ఆంప్ (ఆంప్లిఫయర్) కొన్నారు. పెట్టె మీద 100+100 వాట్లు అని ఉంది, దాంతో 24 వోల్టులు, 4 ఆంపియర్ల అడాప్టర్ వచ్చింది. స్పీకర్లు 8 ఓమ్‌ల బుక్‌షెల్ఫ్ జత, సెన్సిటివిటీ 86 డెసిబెల్స్. హాల్లో రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుని వింటారు. నాన్నగారి పాత ఆంప్ ముందు ఇది పల్చగా వినిపిస్తోంది. రివ్యూలు చూస్తే ఒకరు అద్భుతం అంటున్నారు, ఇంకొకరు దండగ అంటున్నారు. దీని సౌండ్ నిజంగా బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి, ఇంకొంచెం డబ్బు పెట్టి, అంతకంటే శక్తి ఉన్న టీపీఏ3255 చిప్ ఆంప్‌కి వెళ్లాలా అని అడిగారు.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. సరిగ్గా తయారైన ఆంప్ తన శక్తికి లోబడి పనిచేస్తున్నంతసేపు దానికంటూ సొంత గొంతు దాదాపు ఉండదు. తేడాలన్నీ అంచుల దగ్గర బయటపడతాయి. శక్తి చాలనప్పుడు, పాట ఆగి నిశ్శబ్దం మిగిలినప్పుడు, వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు, స్పీకర్ ఓమ్‌లకీ ఆంప్ లోపలి ఫిల్టర్‌కీ పొత్తు కుదరనప్పుడు. అందుకే ‘వెచ్చగా ఉంది’, ‘పొడిగా ఉంది’ అనే మాటల దగ్గర మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. ఆంప్‌లు బాగుచేస్తూ, పక్కపక్కన పెట్టి వింటూ చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి. కొత్తగా ఏ చిన్న ఆంప్ చేతికొచ్చినా నేను ఈ అంచుల్నే ఒక్కొక్కటిగా చూస్తాను.

శక్తి సంగతి ముందు. పెట్టె మీది అంకెని పక్కన పెట్టండి. 24 వోల్టులు, 4 ఆంపియర్లు అంటే అడాప్టర్ ఇవ్వగలిగేది మొత్తం 96 వాట్లు. అందులోంచి 200 వాట్ల సంగీతం నిలకడగా రాదు. అసలు హద్దు వోల్టేజీ దగ్గర ఉంది. ఈ చిప్‌లు బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేస్తాయి, అంటే స్పీకర్ రెండు వైర్లనీ ఆంపే నడుపుతుంది. కాబట్టి స్పీకర్‌కి అందే పీక్ వోల్టేజీ ఎంత ఎక్కువన్నా సప్లై అంతే, 24. ఆర్‌ఎంఎస్‌లో, అంటే శక్తి లెక్కకి పనికొచ్చే సగటు విలువలో చూస్తే 17. దాన్ని దానితోనే గుణించి 8 ఓమ్‌లతో భాగిస్తే 36 వాట్లు. అది కాగితం మీది లెక్క. చిప్‌లోనూ కాయిల్స్‌లోనూ పోయేది పోగా, శుభ్రంగా వినదగ్గ శక్తి ఒక్కో ఛానల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 25 నుంచి 30 వాట్లు అనుకోండి. ఈ చిప్ తయారుచేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ డేటాషీట్‌లో దీనికి 21 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల మీద 50 వాట్లు అని రాసి ఉంటుంది. అది కూడా 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) దగ్గర చెప్పిన సంఖ్య. 10 శాతం అంటే గొంతు బొంగురుపోయిందని ఎవరికైనా తెలిసిపోతుంది.

తొంభైల్లో టూ-ఇన్-వన్‌ల మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వందలు వేల వాట్ల స్టిక్కర్లు ఉండేవి, గుర్తుందా? అదే అలవాటు ఇప్పుడు చిన్న ఆంప్‌లకి పాకింది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే దీని మీద నిబంధన పెట్టింది, 2024లో దాన్ని ఇంకా బిగించింది: 8 ఓమ్‌ల మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, డిస్టార్షన్ 1 శాతం దాటకుండా ఎంత ఇస్తుందో అదే చెప్పాలి అని. మీరు ఏ ఆంప్ చూసినా ఆ కొలతలో ఎంత అని వెతకండి. దొరక్కపోతే పైన నేను వేసిన లెక్క వేసుకోండి, సత్యానికి దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు ఆ 25 వాట్లు మీ హాలుకి చాలుతాయా? మీ స్పీకర్ 1 వాట్‌కి 1 మీటర్ దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తుంది. రెండున్నర మీటర్లకి వచ్చేసరికి సుమారు 8 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండో స్పీకర్ 3 కలుపుతుంది. అంటే ఒక్కో ఛానల్‌కి 1 వాట్ ఇస్తే మీ చెవి దగ్గర 81. గది గోడలు ఇంకొంచెం కలుపుతాయి, దాన్ని లాభంగా వదిలేద్దాం. ఇంట్లో మామూలుగా వినే సగటు 75 డెసిబెల్స్ అనుకుంటే మీ ఆంప్ ఇస్తున్నది ఒక్కో ఛానల్‌కి పావు వాట్! పాటలో డ్రమ్ దెబ్బ, తవిల్ దెబ్బ సగటు కంటే ఓ 15 డెసిబెల్స్ పైకి లేస్తుందనుకున్నా దానికి 8 వాట్లు సరిపోతాయి. ఇదే 80 సగటుతో, అంటే పక్కింటివాళ్లకి వినపడేలా పెడితే, సగటు 0.8 వాట్, పీక్‌లకి 25. సరిగ్గా మీ ఆంప్ హద్దు అక్కడే ఉంది. కాబట్టి మామూలుగా వినేటప్పుడు పల్చదనం కనిపిస్తే అది శక్తి లోపం కాదు. గట్టిగా పెట్టినప్పుడే కనిపిస్తే మాత్రం ఆంప్‌ని అనుమానించాలి. ఈ ఒక్క విషయం ముందు చూసుకోండి, సగం చిక్కుముడి అక్కడే విడిపోతుంది.

రివ్యూలు కొట్టుకోవడానికి కూడా ఇదే కారణం. ఇరవై ఏళ్ల కిందట సోనిక్ ఇంపాక్ట్ టీ-ఆంప్ అని ఒక ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. ఆద్య త్రిపాఠి స్థాపించిన ట్రైపాథ్ కంపెనీ చిప్ అందులో ఉండేది, దాదాపు 40 డాలర్లు, 8 పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. 12 వోల్టులతో 8 ఓమ్‌ల మీద పైన చెప్పిన లెక్క వేస్తే 9 వాట్లు కూడా శుభ్రంగా రావు. 95 డెసిబెల్స్ పైన ఉన్న హార్న్ స్పీకర్లకి తగిలించినవాళ్లు దాన్ని ఆకాశానికెత్తారు. 84, 85 డెసిబెల్స్ చిన్న స్పీకర్లకి పెట్టినవాళ్లు బేస్ లేదు, ఊపిరి లేదు అన్నారు. ఇద్దరూ ఉన్నదే చెప్పారు. రివ్యూ చదివేటప్పుడు ఆయన స్పీకర్ ఏది, ఎంత దూరం నుంచి విన్నాడు అన్నవి లేకపోతే ఆ రివ్యూ మీకు పనికిరాదు.

ఇక నాన్నగారి ఆంప్. అది ఎంత పాతదో రాయలేదు కానీ, ఆ కాలం ఆంప్‌లలో చాలావాటికి ముందు వైపు లౌడ్‌నెస్ అనే బటన్ ఉంటుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవి బేస్‌ని సరిగా పట్టుకోలేదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఆ లోటు పూడ్చడానికే ఆ బటన్, నొక్కితే బేస్‌నీ కొంత ట్రెబుల్‌నీ పెంచుతుంది. చాలా ఇళ్లలో అది ఎప్పుడో నొక్కేసి అలాగే వదిలేసి ఉంటుంది. దానికి తోడు బేస్ నాబ్ మధ్య నుంచి కుడివైపుకి తిప్పి ఉంటుంది. అలాంటి ఆంప్ నుంచి మామూలు ఆంప్‌కి రాగానే ఎవరికైనా పల్చగానే ఉంటుంది. ముందు లౌడ్‌నెస్ ఆపి, బేస్, ట్రెబుల్ మధ్యలో పెట్టి పాత ఆంప్‌నే ఒక పూట వినండి. ఆ నిండుతనం ఎంత మిగిలిందో చూడండి. మిగలకపోతే మీకు కావలసింది కొత్త ఆంప్ కాదు, కొంచెం బేస్ పెంచుకోవడం. ఫోన్‌లోని ఈక్వలైజర్‌తో కూడా ఆ పని అవుతుంది, అందులో తప్పేమీ లేదు.

అంతకంటే ముందు ఒక చిన్న పరీక్ష తప్పనిసరి. ఆంప్ మార్చినప్పుడు ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారు కావడం చాలా మామూలు. అలా అయితే ఒక వూఫర్ (బేస్ ఇచ్చే పెద్ద కోన్) ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది. పల్చగా ఉంది అని నా దగ్గరకొచ్చే ఫిర్యాదుల్లో ఇది తరచూ తగులుతుంది. ఆంప్ ఆపి, ఒక్క స్పీకర్ వైర్లు మాత్రం తిప్పి పెట్టి, బేస్ ఉన్న అదే పాట మళ్లీ వినండి. ఏ అమరికలో బేస్ నిండుగా ఉండి, గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడుతుందో అదే సరైనది.

ఇవన్నీ అయ్యాక రెండు ఆంప్‌లనీ న్యాయంగా పోల్చాలి. ఇక్కడ అందరూ తప్పేది సౌండ్ లెవెల్ దగ్గర. ఒకటి రెండోదానికంటే 1 డెసిబెల్ ఎక్కువ ఉంటే చాలు, చెవికి అది గట్టిగా ఉందని అనిపించదు, బాగుంది, నిండుగా ఉంది, వివరం ఎక్కువ ఉంది అని అనిపిస్తుంది. నాబ్ ఒకే గుర్తు దగ్గర పెట్టినంత మాత్రాన లెవెల్ సమానం కాదు, ఎందుకంటే ఆంప్‌ల గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతాయో అది, వేరువేరుగా ఉంటుంది. (టీపీఏ3116లోనే 20, 26, 32, 36 డెసిబెల్స్ అని నాలుగు గెయిన్ అమరికలు ఉన్నాయి. ఏది పెట్టాలో ఆంప్ తయారుచేసినవాడి ఇష్టం. నాబ్ కొంచెం తిప్పగానే హోరెత్తే ఆంప్ బలమైనది అనుకోవడం పొరపాటు, దాని గెయిన్ ఎక్కువ, అంతే.)

లెవెల్ సమానం చేయడానికి ఫోన్‌లో 300 లేదా 400 హెర్ట్జ్ టెస్ట్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడండి. అంతకంటే పై టోన్ వద్దు, చౌక మీటర్లు అక్కడ సరిగా చూపించవు. రెండు ఆంప్‌ల మధ్య తేడా 2 శాతం లోపు ఉంటే 0.2 డెసిబెల్ లోపు వచ్చినట్టే. అందరి దగ్గరా ఉండే పసుపు రంగు డీటీ830 మీటర్ ఇందుకు చాలదు, దానిలో ఏసీకి 200 వోల్టుల రేంజ్ నుంచే మొదలు. 2 లేదా 20 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్న మీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. అదీ కుదరకపోతే ఫోన్‌ని కూర్చునే చోట కదలకుండా పెట్టి, సౌండ్ మీటర్ యాప్‌లో పింక్ నాయిస్ (హోరులాంటి పరీక్ష శబ్దం) లెవెల్ చూడండి. అసలు అంకె తప్పైనా పోలికకి పనికొస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బ్రిడ్జ్ పద్ధతి ఆంప్‌లో నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు, దానిలోనూ సిగ్నల్ నడుస్తుంటుంది. రెండు ఛానళ్ల నల్ల టెర్మినల్స్‌ని ఎక్కడా కలపకూడదు, ఎర్త్‌కి తగిలించకూడదు. తక్కువ ధరకి దొరికే కొన్ని స్పీకర్ సెలెక్టర్ డబ్బాల్లో మైనస్‌లన్నీ లోపలే కలిసి ఉంటాయి. రెండు ఆంప్‌లని పోల్చడానికి అలాంటిది తగిలిస్తే చిప్ పోవచ్చు. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ పెట్టినా అంతే. సెలెక్టర్ ప్లస్, మైనస్ రెండింటినీ మార్చే రకం అయితేనే వాడండి, లేదంటే ఆంప్ ఆపి వైర్లు చేత్తో మార్చుకోండి. మార్చేది ఇంకొకరైతే, ఏది మోగుతోందో మీకు చెప్పకుండా ఉంటే ఇంకా మంచిది.

అలా విన్నాక తేడా ఎంత మిగులుతుందో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే ఇంజినీర్ స్టీరియోఫైల్ పత్రిక సంపాదకులతో ఒక పందెం వేశాడు. వాళ్లు మెచ్చిన ఖరీదైన ఆంప్‌తో తన తక్కువ ధర ఆంప్‌ని పోలిక తెలియనంతగా సరిపెడతానన్నాడు. రెండు ఆంప్‌ల అవుట్‌పుట్‌ని ఒకదానిలోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడా సిగ్నల్‌ని వింటూ, అది దాదాపు మాయమయ్యేదాకా తన ఆంప్‌ని సవరించుకుంటూ పోయాడు. చివరికి సంపాదకులు తేడా పట్టుకోలేకపోయారు. 1987 జనవరిలో స్టీరియో రివ్యూ పత్రిక కూడా చౌక రిసీవర్ నుంచి వేల డాలర్ల ఆంప్‌ల దాకా లెవెల్ సమానం చేసి, పేరు దాచి వినిపించింది. వినేవాళ్ల జవాబులు ఊహించి చెప్పినదానికంటే మెరుగ్గా రాలేదు. దీనర్థం ఆంప్‌లన్నీ ఒకటే అని కాదు. శుభ్రంగా పనిచేసే పరిధిలో మిగిలే తేడా చాలా చిన్నది, దానికోసం వేలు పోసే ముందు అది నిజంగా వినపడుతోందో లేదో చూసుకోవాలి అని మాత్రమే. కొత్త ఆంప్ వంద గంటలు మోగితే తెరుచుకుంటుంది అనే మాట కూడా నేను నమ్మను. ఆ వంద గంటల్లో అలవాటు పడేది మన చెవి.

అంచుల దగ్గరకి వద్దాం. రాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పాట ఆపి, వాల్యూమ్ మామూలుగా పెట్టే చోట ఉంచి, చెవి ట్వీటర్‌కి (సన్నని శబ్దాలు ఇచ్చే చిన్న స్పీకర్‌కి) ఆనించండి. సన్నగా ‘స్‌స్’ అని వినిపిస్తే పర్వాలేదు, కూర్చునే చోటికి రాకపోతే చాలు. కూర్చునే చోటికీ వస్తే ఆంప్ గెయిన్ ఎక్కువ, లేదా లోపలి ప్రీ-ఆంప్ దశ గోలగా ఉంది. బ్లూటూత్ ఎంచుకున్నప్పుడు కీచుమంటూ, ఆక్స్‌కి మార్చగానే ఆగిపోతే గోల బ్లూటూత్ బోర్డుది. ‘గుంయ్’ అనే హమ్ వేరే జాతి. లాప్‌టాప్ చార్జర్ పీకేయగానే పోతే, కంప్యూటర్ వైర్ తీయగానే పోతే అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ దారులు కలిసి చుట్టుగా ఏర్పడటం), ఆంప్ నాణ్యతతో సంబంధం లేదు. చాలా ఇళ్లలో మూడో పిన్‌కి ఎర్తింగ్ సరిగా లేకపోవడం దీన్ని ఇంకా పెంచుతుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి, ఆ తర్వాతే ఆ లూప్‌ని తెంచే ఐసోలేటర్ల మాట.

తర్వాత ఎడమ కుడి సమతూకం. చౌక ఆంప్‌లలో వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్, నాబ్ బాగా తక్కువలో ఉన్నప్పుడు రెండు ఛానళ్లనీ సమానంగా ఇవ్వదు. దీనికి నా దగ్గర ఉన్న మంచి పరీక్ష ఘంటసాల కాలం నాటి పాట ఏదైనా. ఆ రికార్డింగులు మోనో. గొంతు, వాద్యాలు అన్నీ రెండు స్పీకర్ల సరిగ్గా నడుమనుంచి, ఒకే చోటునుంచి రావాలి. (తర్వాత స్టీరియోగా సాగదీసిన కాపీలు కాకుండా చూసుకోండి.) వాల్యూమ్‌ని మెల్లగా తగ్గిస్తూ పోండి. గొంతు ఒక పక్కకి జరగడం ఎక్కడ మొదలైందో చూడండి. రాత్రిపూట మీరు వినే లెవెల్ దానికి పైన ఉంటే సమస్య లేదు. కింద ఉంటే ఫోన్ వాల్యూమ్ కొంత తగ్గించి, ఆంప్ నాబ్‌ని పైకి తెచ్చి వాడుకోండి.

ట్రెబుల్ విషయం కొంచెం లోతైనది. మీది క్లాస్-డీ రకం ఆంప్, అది వందల కిలోహెర్ట్జ్ వేగంతో స్విచ్ అవుతుంది. దాన్ని సంగీతంగా మార్చేది చివర్లో ఉండే కాయిల్, కెపాసిటర్ ఫిల్టర్. ఆ ఫిల్టర్ ఏదో ఒక ఓమ్‌ల లెక్కకే సరిగ్గా కుదురుతుంది. అంతకంటే ఎక్కువ ఓమ్‌ల స్పీకర్ పెడితే 20 కిలోహెర్ట్జ్ వైపు కొంత పైకి లేస్తుంది, తక్కువ ఓమ్‌లది పెడితే వాలిపోతుంది. ఒకే ఆంప్‌ని ఒకరు ‘మిలమిల’ అని, మరొకరు ‘మెత్తన’ అని అనడం వెనక ఒక్కోసారి ఇదే ఉంటుంది. ఫిల్టర్ తర్వాతి నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే డిజైన్లలో ఈ గొడవ చాలావరకు పోతుంది. స్పెసిఫికేషన్‌లో పీఎఫ్‌ఎఫ్‌బీ అని కనిపిస్తే అర్థం అదే. ఇది నిజమైన లాభం, దీనికి కొంచెం ఎక్కువ ధర ఇవ్వచ్చు. అయితే ఈ తేడా ఎక్కువగా 10 కిలోహెర్ట్జ్ పైనే. యాభై దాటిన చెవికి అందులో చాలా భాగం అందదు. స, ష అక్షరాలు గుచ్చుకుంటున్నాయి అంటే చూడాల్సింది అంతకంటే కింద, 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ ప్రాంతం, అది స్పీకర్, గది, రికార్డింగుల పని.

చివరి పరీక్ష హద్దు దాకా నడిపించడం. గొంతు, కోరస్, గట్టి దరువు అన్నీ కలిసిన పాట పెట్టి వాల్యూమ్ పెంచుకుంటూ వెళ్లండి. టోన్లు మాత్రం పెట్టకండి, ట్వీటర్ కాలిపోతుంది. ఒక చోట దరువు ఇంక పెరగడం మానేస్తుంది, దెబ్బ పడిన ప్రతిసారీ గొంతు కూడా ఒక్క క్షణం గరగరలాడుతుంది. అదే క్లిప్పింగ్, అక్కడే ఆపండి. మృదంగం ఎడమ మూత దీనికి బాగా పనికొస్తుంది. ఆంప్‌కి ఊపిరి ఉన్నప్పుడు ‘గుం’ అన్న నాదం సాగి మెల్లగా ఆరుతుంది, ఊపిరి అయిపోయినప్పుడు ‘టప్’ మని తెగిపోతుంది. మీరు ఎప్పుడూ పెట్టని లెవెల్‌లో అది వస్తే ఆంప్ మీకు సరిపోయింది. రోజూ వినే లెవెల్‌లోనే వస్తే మీ అనుమానం నిజమే.

టీపీఏ3255కి వెళ్లాలా అంటే, ఆ ఒక్క సందర్భంలోనే వెళ్లండి. ఐమా ఏ07, ఫోసీ వీ3 లాంటివి ఈ చిప్‌తోనే వస్తాయి, మంచి ఆంప్‌లే. కానీ చిప్ డేటాషీట్‌లోని 315 వాట్లు 50 వోల్టుల పైన, 4 ఓమ్‌ల మీద, మళ్లీ 10 శాతం డిస్టార్షన్ దగ్గరివి. 32 వోల్టుల అడాప్టర్‌తో తీసుకుంటే మీ 8 ఓమ్‌ల స్పీకర్ల మీద లెక్క ప్రకారం 64 వాట్లు, శుభ్రంగా 50 అనుకోండి. 25 నుంచి 50కి వెళ్తే వచ్చేది 3 డెసిబెల్స్. గట్టిగా వినేవాళ్లకి ఆ 3 డెసిబెల్స్ ఉపయోగమే. కొంటే 48 వోల్టుల అడాప్టర్ ఉన్నదే కొనండి, 32ది తీసుకుని తర్వాత మార్చుకోవడం డబ్బు దండగ. లోపలి ప్రీ-ఆంప్ దశలో ఉండే ఆప్-ఆంప్ చిప్‌లు మార్చి సౌండ్ మెరుగుపరచుకోవచ్చని చెప్పే వీడియోల మీద మాత్రం పైసా పెట్టకండి.

మామూలు లెవెల్‌లోనే వినేవాళ్లైతే ఆ డబ్బు గదికి పెట్టండి. మన హాళ్లలో సిమెంటు గోడలు, కింద టైల్స్ లేదా గ్రానైట్. చప్పట్లు కొడితే ‘ఛంగ్’ అని తిరిగొస్తుంది. స్పీకర్లకీ మీకూ మధ్య మందపాటి తివాచీ, ఒక గోడకి బరువైన కర్టెన్ వేస్తే వచ్చే మార్పు రెండు ఆంప్‌ల మధ్య ఉండే ఏ తేడా కన్నా పెద్దది. స్పీకర్లని గోడకి ఒక జానెడు దగ్గరగా జరిపినా బేస్ పెరుగుతుంది, ముందు దాన్ని ప్రయత్నించండి, ఖర్చు లేదు. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర బేస్ ఒకచోట ఉబ్బి, ఇంకోచోట మాయమవుతుంది, కాబట్టి కుర్చీ రెండడుగులు జరిపి కూడా చూడండి. వైర్ల గురించి దిగులు వద్దు, కరెంటు షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు.

అడాప్టర్ ఎప్పుడైనా పోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలాంటి చోట 24 వోల్టులది తేలిగ్గా దొరుకుతుంది. ఆంపియర్లు 4కి తగ్గకుండా చూడండి, ఎక్కువ ఉన్నా నష్టం లేదు. పిన్ లోపల ప్లస్, బయట మైనస్ ఉందో లేదో మీటర్‌తో చూసి తగిలించండి. వోల్టులు మాత్రం పెంచకండి. టీపీఏ3116కి అనుమతించిన హద్దు 26, ఎవరో ఇచ్చిన 32 వోల్టుల అడాప్టర్ దానికి పెడితే ఆంప్ అక్కడితో సరి.